ఇన్‌కం టాక్స్ నోటీసు వచ్చిందా: కట్టాలా, కాదనాలా, సరిచేయించాలా?

హన్మకొండలో టీచరుకు, భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి, ఎనుమాముల మార్కెట్‌లో ఆడ్తి వ్యాపారికి నోటీసు వచ్చేది ఎక్కువగా ఒక్క చోటు నుంచే: బెంగళూరులోని సీపీసీ, అంటే దేశం మొత్తం రిటర్న్‌లను లెక్కగట్టే ఆదాయపు పన్ను శాఖ కేంద్రం. చూడ్డానికి కాగితం ముగ్గురిదీ ఒక్కలాగే ఉంటుంది. బయటపడే దారి మాత్రం ఎవరిది వారిదే. పక్క సీటు సారు "నేను కట్టేసిన, నువ్వు కూడా కట్టేయ్" అన్నాడని కట్టేస్తే, కట్టక్కర్లేని డబ్బు పోవచ్చు. ఇంకొకరు "ఏం కాదు, వదిలేయ్" అన్నారని వదిలేస్తే నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది.

మొత్తం ఆరు దారులున్నాయి: డిమాండ్ (శాఖ కట్టమన్న మొత్తం) ఒప్పుకొని కట్టడం, పోర్టల్‌లో డిమాండ్‌ను కాదనడం, సెక్షన్ 154 రెక్టిఫికేషన్ (రికార్డులోని తప్పు సరిచేయమని అడగడం), రివైజ్డ్ రిటర్న్, అప్‌డేటెడ్ రిటర్న్, అప్పీల్. వీటిలో ఒకటి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి రెండు. నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చింది? తప్పు ఎవరి దగ్గర పుట్టింది? రెండోది తేలిందంటే సగం పని అయినట్టే.

ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 చట్టానివి. 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, అంతకుముందు సంవత్సరాల ఆదాయానికి పాత సెక్షన్లే వర్తిస్తాయి.

అసలుదేనా?

2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే ప్రతి నోటీసుకూ, ఆర్డరుకూ డిన్ అనే నంబరు ఉంటుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదటి పేజీలోనే నోటీసు అసలుదో కాదో చూసుకునే లింకు ఉంది. దానికి లాగిన్ అక్కర్లేదు. "రీఫండ్ ఆగింది, ఈ లింకు నొక్కి ఖాతా నంబరు ఇవ్వండి" అని ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లను తెరవకండి. మీరే పోర్టల్‌లోకి వెళ్లి పెండింగ్ యాక్షన్స్‌లో ఈ-ప్రొసీడింగ్స్ చూడండి. జవాబు కోరే అసలు నోటీసైతే అక్కడ కూడా కనిపిస్తుంది.

మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పాన్ నంబరు చిన్న అక్షరాల్లో కొట్టి, వెంటనే పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో కొట్టాలి: రోజు, నెల, సంవత్సరం.

ఏ సెక్షన్, ఎన్ని రోజులు

143(1) ఇంటిమేషన్: ఎక్కువ మందికి వచ్చేది ఇదే. ఇందులో రెండు వరుసలుంటాయి. ఎడమ పక్క మీరు రిటర్న్‌లో చూపినవి, కుడి పక్క సీపీసీ లెక్కగట్టినవి. రెండూ కలిస్తే దాచిపెట్టుకోండి, జవాబు అక్కర్లేదు. కట్టాల్సింది 100 రూపాయల లోపని తేలినా కట్టక్కర్లేదు. అంతకు మించి డిమాండ్ ఉంటే ఈ కాగితాన్నే డిమాండ్ నోటీసుగా లెక్కేస్తారు. కట్టడానికి 30 రోజులు.

143(1)(ఏ) ప్రతిపాదన: ఇది ఇంకా నిర్ణయం కాదు. "మీ లెక్కలో ఈ మార్పు చేయబోతున్నాం, ఏమంటారు" అని అడుగుతున్నారు. గడువు 30 రోజులు. జవాబివ్వకపోతే మార్పు చేసేసి 143(1) పంపుతారు. ఇక్కడ ఒక పేరా రాస్తే పోయేదానికి, ఇది దాటాక నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

139(9): రిటర్న్ లోపభూయిష్టం. గడువు 15 రోజులే. జవాబు రాకపోతే అసలు రిటర్నే వేయనట్టు లెక్క.

245: ఈ ఏడు రీఫండ్‌ను పాత బకాయికి సర్దుకుంటామని చెప్పే కాగితం. పాత బకాయి నిజంగా ఉందో లేదో చూడకుండా సరేననకండి. 2010-11 అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది) వరకు ఒక్కోటి 25,000 లోపు, 2011-12 నుంచి 2015-16 వరకు ఒక్కోటి 10,000 లోపు ఉన్న చిన్న బకాయిలను 2024లో కేంద్రం రద్దు చేసింది. ఒక్కొక్కరికి మొత్తం మీద లక్ష వరకే ఈ మాఫీ. మీ పాత బకాయి ఆ కోవలోది కావచ్చు.

142(1) (వివరాలు అడిగేది), 143(2) (స్క్రూటినీ, అంటే రిటర్న్‌ను లోతుగా పరిశీలించడం), 148ఏ (పాత ఏడాది లెక్కను తిరిగి తెరిచేముందు వచ్చేది): ఇవి వేరే తరగతి. వాటి సంగతి కింద చెబుతాం.

తప్పు మీది కానప్పుడు: టీడీఎస్ కనిపించకపోవడం

ఉత్తర తెలంగాణ ఉద్యోగుల నోటీసుల్లో పదేపదే కనిపించేది ఇదే. జీతంలో పన్ను (టీడీఎస్) కోశారు, ఫారం 16 ఇచ్చారు, కానీ 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్ను చూపే పత్రం) ఆ మొత్తం లేదు. సీపీసీ చూసేది 26ఏఎస్‌నే. కాబట్టి కుడి వరుసలో టీడీఎస్ తగ్గిపోయి, ఆ మేరకు వడ్డీతో సహా డిమాండ్ వస్తుంది.

ఎందుకిలా జరుగుతుందంటే, డీడీఓ (మీ జీతం బిల్లులు చేసే అధికారి) మూడు నెలలకోసారి వేయాల్సిన 24క్యూ (జీతాల్లో కోసిన పన్ను వివరాల పత్రం) వేయలేదు, లేదా వేసినా మీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. ఒక్కోసారి నాలుగో త్రైమాసికంలో మీ పేరే జారిపోతుంది. ఏడాది మధ్యలో బదిలీ అయిన టీచర్లకు ఇది మరీ ఎక్కువ. పాత మండలంలో కోసిన పన్ను పాత డీడీఓ వేయాలి, కొత్త డీడీఓకు దాంతో పని లేదు.

ఇక్కడ కట్టేయడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టవుతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం మళ్లీ ఒక యజ్ఞం. రివైజ్డ్ రిటర్న్ కూడా పనికిరాదు, ఎందుకంటే మీ రిటర్న్‌లో తప్పే లేదు. చేయాల్సింది ఈ వరుసలో: డీడీఓకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి 24క్యూ కరెక్షన్ వేయించండి. 26ఏఎస్‌లో మొత్తం కనబడే దాకా ఆగండి. ఆ తర్వాత పోర్టల్‌లో రెక్టిఫికేషన్‌కు వెళ్లి రిటర్న్‌ను మళ్లీ ప్రాసెస్ చేయమని అడగండి. 26ఏఎస్ మారకముందే రెక్టిఫికేషన్ పెడితే అదే డిమాండ్ మళ్లీ వస్తుంది. తొందరపడి రెండు మూడుసార్లు పెట్టేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

డీడీఓ కదలకపోతే? సెక్షన్ 205 ప్రకారం, జీతంలోంచి కోసిన పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదు. అలాంటి డిమాండ్‌ను బలవంతంగా వసూలు చేయొద్దని శాఖను నడిపే బోర్డు సీబీడీటీ 2015లోనూ 2016లోనూ అధికారులకు రాసింది. పోర్టల్‌లో డిమాండ్‌ను కాదని, ఫారం 16, జీతం బిల్లులు జతచేయండి. వాటి ప్రతులతో మీ అసెస్సింగ్ ఆఫీసర్‌కు కూడా అర్జీ ఇవ్వండి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఆదాయపు పన్ను కార్యాలయాలున్నాయి. మీరు ఏ వార్డు కిందకు వస్తారో పోర్టల్‌లో పాన్ కొడితే తెలుస్తుంది.

తప్పు మీ రిటర్న్‌లో ఉన్నప్పుడు: రివైజ్డా, అప్‌డేటెడా, రెక్టిఫికేషనా

ఈ మూడింటినీ ఒకటే అనుకుని కలిపేస్తారు. తేడా డబ్బులోనూ ఉంది, గడువులోనూ ఉంది.

రివైజ్డ్ రిటర్న్ చౌక. మర్చిపోయిన ఆదాయం కలపొచ్చు, మర్చిపోయిన మినహాయింపు కూడా అడగొచ్చు, అదనపు పన్ను లేదు. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్‌కు ఇది 2025 డిసెంబర్ 31తో ముగిసింది. గడువులో ఉంటే, 143(1) వచ్చాక కూడా వేయొచ్చు.

అప్‌డేటెడ్ రిటర్న్ ఖరీదైనది. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 48 నెలల వరకు వేయొచ్చు కానీ, పన్ను పెరిగేటప్పుడు మాత్రమే. రీఫండ్ పెంచుకోవడానికి, పన్ను తగ్గించుకోవడానికి ఇది పనికిరాదు. అదనపు పన్ను మొదటి 12 నెలల్లో 25 శాతం, 24 నెలల్లోపు 50, 36 లోపు 60, 48 లోపు 70. ఎఫ్‌డీ వడ్డీ చూపడం మర్చిపోయి పన్నూ వడ్డీ కలిపి 10,000 తేలిందనుకుందాం. మొదటి ఏడు వేస్తే 12,500. నాలుగో ఏడు దాకా ఆగితే వడ్డీ పెరిగింది సరే, దాని మీద 70 శాతం కూడా పడుతుంది. ఇంకో మెలిక: ఆ సంవత్సరానికి స్క్రూటినీ మొదలైతే ఈ తలుపు మూసుకుంటుంది.

రెక్టిఫికేషన్‌కు ఖర్చు లేదు, గడువు కూడా పెద్దది. ఆర్డర్ వచ్చిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి నాలుగేళ్లు. కానీ అది రికార్డులో కళ్లకు కనిపించే తప్పులకే. సీపీసీ చలాను లెక్కలోకి తీసుకోలేదు, టీడీఎస్ కాలమ్ తప్పు నింపారు, వడ్డీ లెక్క తేడా వచ్చింది: ఇలాంటివి. "80సీ (పొదుపు మినహాయింపు) అడగడం మర్చిపోయా, ఇప్పుడు ఇవ్వండి" అంటే కుదరదు. అది కొత్త క్లెయిము.

ఈ మూడింటి మధ్య ఇరుక్కునేది ఎరియర్స్ అందుకున్నవాళ్లు. పీఆర్సీ ఎరియర్స్ వచ్చిన టీచర్లు, వేజ్ బోర్డు ఎరియర్స్ వచ్చిన సింగరేణి కార్మికులు సెక్షన్ 89 కింద ఉపశమనం రిటర్న్‌లో చూపుతారు కానీ ఫారం 10ఈ వేయరు. 10ఈ లేకుండా కుడి వరుసలో ఆ ఉపశమనం సున్నా. ఇంట్లో లెక్కేసిన కాగితం సరిగ్గానే ఉంటుంది, ఆఫీసులో సంతకం చేసిన పత్రమూ ఉంటుంది. సీపీసీకి కావాల్సింది పోర్టల్‌లో వేసిన 10ఈ మాత్రమే. రివైజ్డ్ గడువు ఉంటే ముందు 10ఈ వేసి, ఆ తర్వాత రివైజ్డ్ వేయండి. ఈ వరుస తప్పొద్దు. గడువు పోయాక 10ఈ వేసి రెక్టిఫికేషన్ అడగొచ్చు, కానీ ఒప్పుకుంటారన్న హామీ లేదు. మొత్తం పెద్దదైతే అప్పీల్ గడువును కూడా ఒక కంట కనిపెట్టి ఉండండి.

వ్యాపార ఆదాయం ఉండి పాత పన్ను విధానం కావాలనుకునేవాళ్లు గడువులోపు ఫారం 10-ఐఈఏ వేయాలి. అది మర్చిపోయి పాత విధానంలో లెక్కేస్తే, సీపీసీ కొత్త విధానంలోకి మార్చి డిమాండ్ పంపుతుంది. దీనికి రెక్టిఫికేషన్‌తో పని జరుగుతుందని ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. తేడా లెక్క చూసి కట్టేయడమే చాలాసార్లు నయం.

139(9): చిన్న కాంట్రాక్టర్ల తలనొప్పి

ఒక చిన్న కాంట్రాక్టర్ లెక్క చూద్దాం. 26ఏఎస్‌లో 194సీ (కాంట్రాక్టు బిల్లుల్లో పన్ను కోసే సెక్షన్) కింద 18 లక్షల బిల్లులు, వాటి మీద 1 శాతం చొప్పున 18,000 టీడీఎస్. రిటర్న్‌లో చూపిన టర్నోవర్ 11 లక్షలు, అడిగిన టీడీఎస్ మొత్తం 18,000. లోపం ఇక్కడే. పన్ను మొత్తం వెనక్కి అడిగి, వచ్చిన డబ్బు కొంతే చూపితే ఊరుకోరు.

రెండు దారులు. మిగిలిన 7 లక్షలు నిజంగా మీవే అయితే ఒప్పుకోండి. 44ఏడీ (చిన్న వ్యాపారులు అంచనా లాభం చూపే సెక్షన్) కింద బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తానికి 6 శాతం లాభం చూపితే చాలు. 18 లక్షల మీద అది 1,08,000. చాలామందికి దీని మీద పన్నే పడదు, అయినా టర్నోవర్ దాచి నోటీసు తెచ్చుకుంటారు. మీవి కాకపోతే, అంటే అదే బిల్లు పై కాంట్రాక్టర్ రెండుసార్లు ఎక్కించాడనో, ఆ పని వచ్చే ఏడాది లెక్కలోదనో అయితే, "అంగీకరించడం లేదు" అని ఎంచుకుని కారణం రాయండి. ఒప్పుకుంటే సరిచేసిన రిటర్న్‌ను 139(9) కిందే, నోటీసు నంబరుతో ఎక్కించాలి. దాన్ని మామూలు రివైజ్డ్ రిటర్న్‌గా వేస్తే నోటీసు అలాగే తెరిచి ఉంటుంది. 15 రోజులు చాలకపోతే గడువు పెంచమని అడగొచ్చు.

కట్టడమే మేలైన చోట

తప్పు మీదేనని తేలింది, మొత్తం చిన్నది, రివైజ్డ్ గడువు పోయింది: కట్టేయండి. మూడు వేల రూపాయల డిమాండ్‌కు ఐదు వేల ఫీజిచ్చి పోరాడటం దండగ. 40,000 డిమాండ్‌ను ఏడాది వదిలేస్తే సెక్షన్ 220(2) కింద నెలకు 400 చొప్పున 4,800 అదనం, నెలలో ఒక్క రోజైనా పూర్తి నెలే లెక్క.

కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. డిమాండ్ పక్కనే ఉండే పే నౌ బటన్ నుంచే వెళ్లండి. అప్పుడు డిమాండ్ నంబరు, మైనర్ హెడ్ 400 (ఏ రకం పన్ను కడుతున్నారో చెప్పే కోడ్) వాటంతటవే వస్తాయి. బయట నుంచి చలాను తీసి, అలవాటుగా సెల్ఫ్ అసెస్‌మెంట్ 300 కింద కడితే డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది, డిమాండ్ మాత్రం అలాగే వేలాడుతుంది. వచ్చే ఏడు రీఫండ్‌లోంచి మళ్లీ కోస్తారు.

"డిమాండ్ కరెక్ట్" అని ఒకసారి సబ్మిట్ చేస్తే తర్వాత కాదనే వీలు పోర్టల్‌లో ఉండదు. ఖాయంగా తేలకముందు ఆ బటన్ ముట్టుకోవద్దు. కొంత ఒప్పుకొని కొంత కాదనే వీలు కూడా ఉంది. కాదన్న ప్రతి రూపాయికీ కారణం, ఆధారం అడుగుతుంది.

అప్పీల్

ఫారం 35లో, నోటీసు అందిన 30 రోజుల్లో. ఫీజు పెద్దదేం కాదు: తేల్చిన ఆదాయం లక్ష వరకైతే 250, రెండు లక్షల వరకు 500, అంతకు మించితే 1,000. అసలు ఖర్చు సమయం, సీఏ ఫీజు. వివాదంలో ఉన్న డిమాండ్‌లో మామూలుగా 20 శాతం కడితే మిగతా వసూలును ఆపుతారు, దానికి విడిగా అర్జీ పెట్టాలి.

రెక్టిఫికేషన్ చౌక కదా అని ముందు అది పెట్టి, ఫలితం కోసం ఎదురుచూసే అలవాటు చాలామందిది. రెక్టిఫికేషన్ పెట్టినంత మాత్రాన అప్పీల్ గడియారం ఆగదు. చట్టం ఏం చెబుతుందన్న దాని మీదే తేడా ఉంటే నేరుగా అప్పీల్‌కే వెళ్లండి. రెక్టిఫికేషన్ తిరస్కరిస్తే ఆ తిరస్కరణ మీద కూడా అప్పీల్ ఉంటుంది, కానీ అక్కడ వాదించే పరిధి చిన్నది.

పంట డబ్బు, గల్ఫ్ డబ్బు

సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమ చేస్తే బ్యాంకు ఆ సంగతి శాఖకు పంపుతుంది. అది పోర్టల్‌లోని ఏఐఎస్‌లో (మీ ఏడాది లావాదేవీల జాబితా) కనిపిస్తుంది. రిటర్న్ వేయనివాళ్లకు 142(1), 148ఏ నోటీసులు తరచూ ఇక్కడి నుంచే పుడతాయి.

"వ్యవసాయ ఆదాయం" అని ఒక్క మాట రాస్తే చాలదు. పట్టాదారు పాస్‌పుస్తకం, మార్కెట్ తక్‌పట్టీలు, విత్తనాలు, మందుల బిల్లులు కావాలి. అధికారి వేసే లెక్క సులువు: మూడెకరాల పత్తి, ఎకరాకు పది క్వింటాళ్లు, 2025-26 మద్దతు ధర పొడవు పింజకు 8,110. ఖర్చులు తీయకముందే 2,43,300. దాని మీద 12 లక్షల జమ చూపిస్తే ఎవరూ నమ్మరు. కౌలు ఉంటే కౌలు కాగితం కూడా పెట్టాలి. జీతం ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు. ఆ ఆదాయం మీద పన్ను లేకపోయినా, మిగతా ఆదాయం మీద పన్ను రేటు కట్టడానికి దాన్ని కలుపుతారు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు వచ్చే నోటీసులు వేరు. దుబాయి నుంచి భర్త పంపిన డబ్బు భార్య ఖాతాలో పడింది. భర్త, తల్లిదండ్రులు, పిల్లలు పంపింది బంధువుల కానుక కింద వస్తుంది, దాని మీద పన్ను లేదు. బ్యాంకు రెమిటెన్స్ పత్రం, పాస్‌పోర్టు ముద్రలు, అక్కడి జీతం కాగితం జతచేసి కాదనండి. అయితే ఆ డబ్బుతో భార్య ఎఫ్‌డీ వేస్తే, వచ్చే వడ్డీని సెక్షన్ 64 కింద భర్త ఆదాయంలో కలుపుతారు. అందుకే ఆమె పేరు మీద వచ్చిన నోటీసుకు జవాబులో ఈ సంగతి రాసి, భర్త రిటర్న్‌లో ఆ వడ్డీ చూపించడం సరైన దారి. భర్త ఎన్ఆర్ఐ అయితే ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వేయాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

143(1)లో టీడీఎస్ తేడా, చలాను లెక్కలోకి రాకపోవడం: మీరే చేసుకోవచ్చు. అనుమానం ఉంటే సీపీసీ టోల్ ఫ్రీ 1800 103 0025 ఉంది. 139(9), సెక్షన్ 89 వంటివి లెక్కలు తెలిసిన టాక్స్ కన్సల్టెంట్ చాలు. 143(2), 148ఏ వస్తే ఇంటర్నెట్ సెంటర్‌లో జవాబు కొట్టించొద్దు, సీఏ దగ్గరికే వెళ్లండి. అక్కడ రాసిన ప్రతి మాటా రికార్డు అవుతుంది. 142(1)కు జవాబివ్వకపోతే 10,000 జరిమానా పడొచ్చు, ఆపైన అధికారి తనకు తోచినట్టు ఆదాయం లెక్కగట్టవచ్చు.

రీఫండ్‌లో శాతం అడిగే కన్సల్టెంట్లను పక్కన పెట్టండి. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళాలు చూపించి తెచ్చే రీఫండ్ తప్పుడు సమాచారం కిందకు వస్తే, ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా ఉంటుంది. అది పడేది మీ పాన్ మీద. అలాంటిది ఇప్పటికే జరిగి, ఇంకా నోటీసు రాకపోతే, గడువుంటే రివైజ్డ్, లేకపోతే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, తీసుకున్న రీఫండ్ వడ్డీతో తిరిగి కట్టండి. ఇక్కడ 25 శాతం అదనం ఖరీదు అనిపించినా, 200తో పోలిస్తే ఏపాటిది.

రిటర్న్ ఎవరు వేసినా, పోర్టల్ ప్రొఫైల్‌లో ఉన్న మెయిల్, ఫోన్ నంబరు ఎవరివో ఈరోజే చూడండి. చాలా ఖాతాల్లో అవి రిటర్న్ వేసినాయన సొంతవే ఉంటాయి. 15 రోజుల నోటీసు ఆయన మెయిల్‌కు వెళ్తుంది, మీకు తెలిసేసరికి గడువు పోయి ఉంటుంది. లాగిన్ అయి, ప్రొఫైల్‌లో కాంటాక్ట్ వివరాల దగ్గర మీ నంబరు, మీ మెయిల్ పెట్టుకోండి, రెండింటికీ వచ్చే ఓటీపీలు కొడితే మార్పు అయిపోతుంది. తర్వాత పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.